కుర్చీనుండి లేపుటకు మూడేండ్లు

వృద్ధుడొకడు కుర్చీలోనుండి లేచుట మనమందఱము నిత్యము చూచుచునే యున్నాము. పాదములను కొంచెము వెనుకకు లాగుకొని, నడుము ముందునకు వంచి, మోకాళ్ళపై అరచేతులూని, ‘రామా’ యని నిట్టూర్చి లేచును. చూచువారికి అది క్షణకాలపు పని. ఆ క్షణములో దేహభారము పిరుదులనుండి పాదములకు ఎట్లు దిగినది, తొడముందరి కండరమెంత బిగిసినది, లోచెవిలోని సమతాయంత్రము మెదడునకేమి విన్నవించినది, కన్నులు చీకట్లు క్రమ్మకుండ గుండె రక్తపుపోటునెట్లు నిలిపినది, ఇవన్నియు చెప్పగలిగి, లేవలేనివానియందు వీనిలో నేది తప్పినదో చేతితో కనుగొనగలిగిననే గాని అమెరికాలో విద్యార్థికి ఫిజికల్ థెరపిస్టను పేరు దక్కదు. మనము ఫిజియోథెరపీ యని పిలుచుకొను విద్య యిదియే.

అచ్చట ఈ విద్య వ్రేళ్ళూనినది మొదటి ప్రపంచయుద్ధకాలమున. గాయపడివచ్చిన సైనికుల అవయవములు మరల స్వాధీనమగుటకై యువతులకు కొలది నెలల శిక్షణనిచ్చి ఆసుపత్రులకు పంపిరి. వారిలో అగ్రగణ్యయైన మేరీ మెక్‌మిలన్, 1921 లో ఏర్పడిన వృత్తిసంఘమునకు ప్రథమాధ్యక్షురాలైనది. పిదప పోలియో పిల్లల కాళ్ళను పట్టి పీడించిన దశాబ్దములలో పనియు పెరిగెను, చదువును పెరిగెను. నెలలు సంవత్సరములై, 1993 లో నెబ్రాస్కాలోని క్రైటన్ విశ్వవిద్యాలయము ఈ వృత్తిలో ప్రవేశించువారికే డాక్టరుపట్టము నీయ మొదలిడగా, 2015 ముగియునాటికి గుర్తింపుపొందిన ప్రతి విద్యాలయమును ఆ పట్టమునే యీయవలెనను నియమమేర్పడినది. పట్టము పెరిగినంతగా జీతము పెరిగినదా యని విద్యార్థులు గొణుగుకొనుట లేకపోలేదు. ఆ లెక్క నా కలమునకు మించినది.

డిగ్రీ చదువులో జీవశాస్త్రము, రసాయనము, భౌతికము, మనశ్శాస్త్రము, గణాంకశాస్త్రము మొదలగువానిని మంచి మార్కులతో ముగించినవానికే ఈ మూడేండ్ల చదువునకు తలుపు తెఱచుకొనును. తెఱచుకొన్న తరువాత మొదట ఎదురగునది శరీరనిర్మాణశాస్త్రము. ప్రధానమైన ప్రతి కండరమును గూర్చి నాలుగు సంగతులు కంఠస్థము కావలెను: ఎక్కడ పుట్టినది, ఎక్కడ ముగిసినది, ఏ నాడి దానిని శాసించును, బిగిసినపుడు దేనిని కదల్చును. ఒక్క చేతినే చూడుడు. మెడదిగువను వెన్నుపామునుండి వెలువడిన ఐదు నాడీమూలములు మూడు కాండములై, ఆ మూడు ఆరుగా చీలి, ఆ యాఱు మరల మూడు పేటలుగా పెనవేసికొని, తుదకు ఐదు ప్రధాననాడులై దిగును. బ్రేకియల్ ప్లెక్సస్ అను ఈ చిక్కుముడిని కన్నులుమూసికొని గీయగలుగువఱకు వానికి నిద్రలేదు. శవచ్ఛేదనముగల విద్యాలయములలో పరీక్షనాడు బల్లబల్లకొక సూది గ్రుచ్చియుంచి, సూదిక్రిందిది ఏమని యడుగుదురు. గంట మ్రోగగానే ప్రక్కబల్లకు జరుగవలసినదే, తెలిసినను తెలియకున్నను.

ఇంతవఱకు కంఠస్థవిద్య, దీనికి మన పిల్లలు జంకరు. అసలు కష్టము ప్రయోగపరీక్షలో నున్నది. సహవిద్యార్థియో అధ్యాపకుడో రోగివేషమున కూర్చుండును. వానిని మంచముమీదినుండి చక్రముల కుర్చీలోనికి మార్చవలెను. ఒకచేయి రోగి నడుముపట్టీమీద, కన్ను వాని మొగముమీద, చెవి వాని ఊపిరిమీద, కాలు వాని మోకాలు జారకుండ అడ్డుగాను ఉండగా, నోటితో ధైర్యము చెప్పుచు, మనస్సులో తరువాతి యడుగు లెక్కించుకొనుచుండవలెను. అంతలో ఆ కపటరోగి తన మనుమని పెండ్లిసంగతి యెత్తును. అష్టావధానములో అప్రస్తుతప్రసంగమును నవ్వుచు త్రోసిపుచ్చి పద్యపాదము నందుకొను అవధానికిని ఈ విద్యార్థికిని నాకు పెద్దభేదము కానరాదు, ఒక్కటి తప్ప. అవధాని ధారణ తప్పినచో సభ నవ్వును, ఇక్కడ తప్పినచో మనిషి పడును. అందుచేతనే, తక్కినదంతయు దివ్యముగా చేసినవాడైనను, కుర్చీచక్రములకు బ్రేకు వేయ మఱచినచో, పెక్కు విద్యాలయములలో వాడా పరీక్ష తప్పినట్లే. కఠినమే గాని అన్యాయము కాదని నా యభిప్రాయము.

కండరబలము నెంచుటయు చేతిపనియే. సున్న మొదలు ఐదువఱకు అంకెలు. భూమ్యాకర్షణ నెదిరించి అవయవము పూర్తిగా లేచినచో మూడు, పరీక్షకుడు గట్టిగా నొక్కినను లొంగనిచో ఐదు. నడుమనున్న నాలుగు ఏ పుస్తకమునను చక్కగా దొరకదు. పలుదేహములను పట్టిచూచిన చేతికే అది తెలియును.

కనీసము ముప్పది వారములు ఆసుపత్రులలోను చికిత్సాలయములలోను పూర్తికాలము పనిచేసి, చివరకు జాతీయపరీక్షకు కూర్చుండవలెను. 200 మొదలు 800 వఱకుగల కొలబద్దమీద 600 వచ్చిననే ఉత్తీర్ణత. మన తెలుగునాట బి.పి.టి. చదివి అచ్చటికి పోదలచినవారు కూడ, తమ చదువు ఆ చదువునకు తుల్యమని పత్రములతో నిరూపించుకొని, ఆ పరీక్షకే కూర్చుండవలసియున్నది. ఇక్కడ బంధువులచేత ‘కాళ్ళునొక్కు చదువు’ అనిపించుకొనినవారు అచ్చట పేరునకు ముందు డాక్టరని వ్రాసికొనువారి సరసన నిలుతురు.

ఇంతటి కాఠిన్యమేల యందురేమో. అమెరికాలో ఏబది రాష్ట్రములందును, ఏదో యొక పరిమితితో, రోగి వైద్యుని చీటి లేకుండనే నేరుగా ఫిజికల్ థెరపిస్టు తలుపు తట్టవచ్చును. వచ్చిన నడుమునొప్పి కండరమునదో, ఎముకకు ప్రాకిన క్యాన్సరుదో, మొదట పసిగట్టవలసినవాడు ఇతడే. పిక్క వాచి, వెచ్చబడి, సలుపుచున్నదని ఒకడు వచ్చును. మన యింటిలోనైనచో నువ్వులనూనె గిన్నె అప్పటికే పొయ్యిమీదికెక్కును. ఈ విద్యార్థి మాత్రము మర్దనకు పూనుకొనడు. ఈమధ్య శస్త్రచికిత్స యేమైన జరిగినదా, మంచము పట్టితివా, దూరప్రయాణము చేసితివా, ఆయాసమున్నదా యని వరుసగా అడుగును. లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టియుండినచో, అది కదలి ఊపిరితిత్తులకు చేరవచ్చునని వానికి తెలియును. అనుమానము తీరనిచో చేతులు వెనుకకు తీసికొని, ఆ రోగిని ఆ గడియలోనే వైద్యునికడకు పంపివైచును.