నీళ్లలో నిలబడి మన కళ్లలోకి చూసే మనుషులు

వరద ఫొటో అనగానే మనకు తట్టేది హెలికాప్టర్ నుంచి తీసిన దృశ్యం. కనుచూపు మేర నీళ్లు, అక్కడక్కడా ఇళ్ల కప్పులు, మధ్యలో పోల్చుకోలేనంత చిన్నగా మనుషులు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఫొటోగ్రాఫర్ గిడియన్ మెండెల్ ఇందుకు భిన్నమైన దారి పట్టారు. 2007లో బ్రిటన్‌నూ బిహార్‌నూ కొద్ది వారాల తేడాతో వరదలు ముంచెత్తినప్పుడు ఆయన వాతావరణ మార్పుపై ‘డ్రౌనింగ్ వరల్డ్’ అనే ఫొటో ప్రాజెక్టు మొదలుపెట్టారు. బాధితులతో కలిసి మునిగిన ఇళ్లకు వెళ్లి, గుమ్మంలోనో గదిలోనో నిలబెట్టి ఫొటోలు తీశారు. నడుము లోతు నీళ్లలో ఉన్న మనిషి చేయి చాచడు, సూటిగా మనవైపే చూస్తాడు. ఆ చూపు జాలి అడగదు, జవాబు అడుగుతుంది. ఈ ఫొటోల బలమంతా అందులోనే ఉంది.

పోజు పెట్టిస్తే అది డాక్యుమెంటరీ ఎలా అవుతుందని అడగొచ్చు. కానీ ఇక్కడ నీరు నిజం, ఇల్లు నిజం, పోజు కూడా దాచినది కాదు. పైగా తానెలా కనిపించాలో నిర్ణయించుకోవడంలో బాధితుడికీ భాగం దక్కింది. ఒక్క వరదను చూపి వాతావరణ మార్పును రుజువు చేయలేమన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. కారణం తేల్చాల్సింది విజ్ఞానశాస్త్రం: గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు, అందుకే కుండపోతలు ముదురుతున్నాయి. ఆ భారం ఎవరి గడప మీద పడుతోందో ఫొటో చూపిస్తుంది. అయితే నీటిమట్టం ఒకటే అయినా బీమా ఉన్న ఇల్లూ, లేని గుడిసే ఒకేలా కోలుకోవు. అందుకే ఫొటోతో పాటు ఊరు, తేదీ, అక్కడి బతుకు స్థితి కూడా చదవాలి. అప్పుడే మన జాలి బాధ్యతగా మారుతుంది.