బొమ్మకు ప్రాణం పోసే చెట్టు

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చిన తెలుగింట దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కుతున్న గీతకాపరి కనిపిస్తే, అవి కొండపల్లి బొమ్మలని పసిపిల్లలు సైతం గుర్తిస్తారు. కాని ఆ బొమ్మ ఏ చెట్టు నుండి పుట్టిందో ఎరిగినవారు అరుదు. ఆ చెట్టు పేరు తెల్ల పొణికి.

దక్షిణ భారతంలోని ఆకురాల్చు అడవులలో, ముఖ్యంగా రాతినేల గల కొండవాలులలో పెరిగే వృక్షమిది. శ్రీలంకలో కూడా కలదు. దీని కలప మిక్కిలి తేలిక, మిక్కిలి మెత్తన. దూలానికి గాని, ద్వారబంధానికి గాని పనికిరాదు. నీటిపై సులువుగా తేలుతుంది గనుక కట్టుమరాలకు వాడేవారు. అయితే ఉలికి లొంగే ఆ మెత్తదనమే బొమ్మకు వరమైంది. విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో కళాకారులు ఈ కొయ్యను సన్నని సెగపై తడి ఆరేవరకు కాచి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు. తెలంగాణలోని నిర్మల్ కొయ్యబొమ్మలకు కూడా ఈ చెట్టే ఆధారం.

నేడు ఆ చెట్టు కరువైంది. ఒకనాడు ఊరి వెనుక కొండలలో దొరికిన కొయ్య కోసం కళాకారులు వెదుకులాడవలసి వస్తోంది. కారణమేమి? కొట్టిన చెట్టుకు బదులు మరొకటి లేవకపోవడమే. పొణికిలో ఆడ, మగ పువ్వులు వేర్వేరు చెట్లకు పూస్తాయి. చెట్లు పలుచబడి ఒకదానికొకటి దూరమైనకొద్దీ కాయ కట్టే అవకాశం తగ్గుతుంది. కాచినా, గింజ పెంకు రాయివలె గట్టిది, మొలకెత్తేవి కొన్నే. మొలిచిన మొక్క సైతం పశువుల నోటిని, వేసవి కార్చిచ్చును తప్పించుకొని బ్రతకాలి. వనాల పెంపకంలో టేకు, నీలగిరి వంటి జాతులకు దక్కిన శ్రద్ధ ఈ "పనికిరాని" చెట్టుకు దక్కలేదు.

ఆశ లేకపోలేదు. గింజలోని పిండాన్ని వేరుచేసి ప్రయోగశాలలో మొక్కగా పెంచే విధానాన్ని శాస్త్రజ్ఞులు 2009లో వెల్లడించారు. కాని ప్రయోగశాలలో మొలిచినది కొండమీద వేరూనాలి. అది ఉలికి అందేంత మాను కావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటివరకు ఆ ఉలిని పట్టే చేతులు నిలిచి ఉండాలి కదా!

ఈసారి కొలువులో కొయ్యబొమ్మను నిలిపేటప్పుడు పాఠకులు ఒక్క క్షణం దానిని అరచేతిలో ఉంచి చూడండి. దూదివలె తేలికగా తోచే ఆ బరువులో ఒక అడవి, ఒక ఊరి జీవనం ఇమిడి ఉన్నాయి.