ఈద్గాహ్‌లో మైకు మూగబోతే...

పండుగ రోజు ఈద్గాహ్ నిండిపోతుంది. వరుసలు ప్రహరీ దాటి రోడ్డు మీదకు వస్తాయి. చివరి వరుసల్లో నిలబడినవారికి ఇమామ్ గారు కనిపించరు, ఆయన గొంతు నేరుగా వినిపించదు. వారిని ఇమామ్‌తో కలిపి ఉంచేది మైకు ఒక్కటే. నమాజు మధ్యలో అది ఆగిపోతే ఏం చేయాలో మనలో ఎంతమందిమి ముందుగా ఆలోచించి ఉంటాం?

కొన్నేళ్ల క్రితం ఒక పట్టణ ఈద్గాహ్‌లో మాకు ఈ పరిస్థితి ఎదురైంది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతి ప్రకారం, పండుగ నమాజు రెండో రకాతులో ఖుర్ఆన్ పారాయణం ముగిశాక మూడు అదనపు తక్బీర్లు ఉంటాయి. నాలుగో తక్బీర్‌కు రుకూలోకి వెళ్లాలి. సరిగ్గా పారాయణం ముగిసే వేళకు హారన్లు మూగబోయాయి. ముందు వరుసలవారు చేతులెత్తుతున్నారు. వెనుక కొందరు రుకూలోకి వంగారు, కొందరు అలాగే నిలబడిపోయారు, మరికొందరు వంగి, పక్కవారిని చూసి మళ్లీ లేచారు. సలాం తర్వాత పక్కనున్న ఒక పెద్దాయన, "బేటా, నా నమాజు అయినట్టేనా?" అని అడిగారు. మేము ఆయనను ఇమామ్ గారి దగ్గరకు తీసుకెళ్లడం తప్ప ఏమీ చెప్పలేకపోయాం.

ఆ తర్వాత విచారిస్తే ఆంప్లిఫయర్ ఫ్యూజు పోయిందని తెలిసింది. ఇంకో ఆంప్లిఫయర్ లేదా అంటే ఉంది, మసీదు బీరువాలో! బ్యాటరీ కూడా ఉంది. కానీ దాన్ని చార్జింగ్ పెట్టినవారు లేరు.

బహిరంగ సభలో మైకు పోతే వక్త కాసేపు ఆగుతారు. నమాజు ఆగదు. కనుక బీరువాలో దాచిన సామాను ఆ క్షణంలో మనకు అక్కరకు రాదు. ముందే తగిలించి, పరీక్షించి ఉంచినదే అక్కరకు వస్తుంది.

మైకు కంటే ముందు

మసీదుల్లో లౌడ్ స్పీకర్ వచ్చి వందేళ్లు కూడా కాలేదు. సింగపూర్‌లోని సుల్తాన్ మసీదులో 1936లో దాన్ని అమర్చారు. హైదరాబాద్ మక్కా మసీదు నిర్మాణం 1694లోనే పూర్తయింది. అలాంటి పెద్ద మసీదుల్లో ఇమామ్ తక్బీర్‌ను వెనుక వరుసలకు అందించిన సాధనం ముకబ్బిర్ కంఠమే. దైవప్రవక్త (స) చివరి అనారోగ్య సమయంలో కూర్చుని నమాజు చేయించినప్పుడు హజ్రత్ అబూబకర్ (రజి) ఆయన తక్బీర్లను ప్రజలకు వినిపించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

నమాజులో లౌడ్ స్పీకర్ వాడవచ్చా అని గత శతాబ్దంలో ఉలమాల మధ్య చర్చ జరిగింది. యంత్రం మధ్యలో ఆగిపోతే జమాఅత్ చెదిరిపోదా అన్నది అప్పట్లో వినిపించిన అభ్యంతరాల్లో ఒకటి. నేడు మైకు లేని పెద్ద జమాఅత్ అరుదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మాత్రం మనపై అలాగే ఉంది.

ఏది ఆగినా మరొకటి

మైకు సెట్టు ఒక గొలుసు లాంటిది. మైకు, దాని తీగ, ఆంప్లిఫయర్, హారన్ల లైను, కరెంటు, ఇవే దాని కొక్కేలు. ఏది తెగినా శబ్దం ఆగుతుంది.

ఒక లెక్క చూద్దాం. 30 వాట్ల హారన్లు 8 ఉంటే మొత్తం 240 వాట్లు. 250 వాట్ల ఆంప్లిఫయర్ ఒక్కటి వాటిని మోస్తుంది. కానీ అది పోతే ఎనిమిదీ పోతాయి. దానికి బదులు 160 వాట్లవి రెండు తీసుకుని ఒక్కోదానికి 4 హారన్లు, అంటే 120 వాట్లు తగిలిస్తే భారమూ తగ్గుతుంది, భరోసా పెరుగుతుంది. 1, 3, 5, 7 హారన్లు ఒకదానికి, 2, 4, 6, 8 రెండోదానికి ఇవ్వాలి. అప్పుడు ఒకటి ఆగినా శబ్దం తగ్గుతుందే గాని ఏ మూలా పూర్తిగా మూగబోదు.

ఇమామ్ ముందు రెండు మైకులు, వేర్వేరు తీగలతో ఉండాలి. కాలరు మైకు వాడితే కొత్త సెల్లు వేసి, తీగ మైకును కూడా తోడుగా ఉంచాలి. రెండు ఆంప్లిఫయర్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టకూడదు. ఎవరి కాలో తగిలి ఆ ఒక్క ప్లగ్గు ఊడితే రెండూ ఆగిపోతాయి. జనరేటర్ అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా ఒక తక్బీర్ దాటిపోవచ్చు. కరెంటుతోనూ బ్యాటరీతోనూ పనిచేసే ఆంప్లిఫయర్లు బజారులో దొరుకుతున్నాయి. కరెంటు పోగానే ఇవి బ్యాటరీకి మారతాయి.

విమానాశ్రయాల వంటి చోట్ల ఈ పని యంత్రమే చూసుకుంటుంది. చెవికి వినపడని సన్నని ధ్వనిని లైనులో నిరంతరం పంపుతూ పరీక్షిస్తుంటారు. అది అందలేదంటే ఆ ఆంప్లిఫయర్ భారాన్ని అదనంగా ఉంచిన ఆంప్లిఫయర్ తనంతట తానే అందుకుంటుంది. మక్కాలోని మస్జిదుల్ హరామ్‌లోనూ ప్రధాన వ్యవస్థకు తోడుగా అదనపు వ్యవస్థలు సిద్ధంగా ఉంటాయి. అయినా అక్కడ ఇమామ్ తక్బీర్‌ను నేటికీ ఒకరు బిగ్గరగా అందుకుని పలుకుతారు.

చివరి తోడు మనిషే

ఇన్ని ఏర్పాట్ల తర్వాత కూడా మైకు ఆగవచ్చు. అందుకే ప్రతి కొన్ని వరుసలకు ఒక ముకబ్బిర్‌ను ముందే నియమించాలి. పారాయణం వినపడకపోయినా వెనుకవారి నమాజుకు లోటు రాదు. తక్బీర్లు, సలాం తెలియకపోతేనే చిక్కు. వాటిని అందించడానికి గట్టి గొంతు, మసాయిల్ తెలిసిన మనిషి చాలు. దీనికి ఖర్చు కూడా లేదు.

ఈద్గాహ్ కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటే. పండుగకు ముందురోజు సెట్టు అంతా బిగించాక ఒకసారి ప్లగ్గు పీకి చూడండి. ఒక మైకు ఆపండి, ఒక ఆంప్లిఫయర్ ఆపండి. చివరి వరుసలో ఒకరిని నిలబెట్టి వినపడుతోందా అని అడగండి. ముకబ్బిర్లకు వారి స్థానాలు చూపించండి. గంట సేపు పట్టే ఈ పని చేస్తే, మరో పెద్దాయన "నా నమాజు అయినట్టేనా?" అని దిగులుపడుతూ ఇంటికి వెళ్లవలసిన అవసరం రాదు.