ఆల్బమ్ మొత్తం వింటున్నారా? ముందు షఫుల్ ఆపండి!

‘ఇప్పుడేం వింటున్నావ్?’ అని అడిగితే పాట పేరు కాకుండా ఆల్బమ్ పేరు చెప్పే మ్యూజిక్ ఫ్యాన్స్ ఇప్పటికీ ఉన్నారు. కారణం సింపుల్. కొన్ని ఆల్బమ్స్‌లో పాటల వరుస కూడా సంగీతంలో భాగమే.

పింక్ ఫ్లాయిడ్ 1973లో తెచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ నిడివి సుమారు 43 నిమిషాలు. చాలా చోట్ల ఒక ట్రాక్ ఆగకముందే తర్వాతిది మొదలైపోతుంది. బీటిల్స్ ‘అబ్బే రోడ్’ (1969) రెండో సైడ్‌లోని మెడ్లీ కూడా అంతే. మన ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్?’ చేశారు. త్యాగరాజుకి, బాఖ్‌కి అంకితమిచ్చిన ఆల్బమ్ ఇది. సినిమా సీన్లతో పని లేని సంగీతం కాబట్టి, మొదటి నుంచి చివరిదాకా వింటే ఆ కిక్కే వేరు.

షఫుల్ నొక్కితే ఈ వరుస మొత్తం పోతుంది. అందుకే 2021లో ‘30’ ఆల్బమ్ వచ్చినప్పుడు అడెల్ అడగడంతో, స్పాటిఫై ఆల్బమ్ పేజీల్లో డిఫాల్ట్ షఫుల్‌ని తీసేసింది.

మీ ఫోన్‌లో ఇవి చెక్ చేసుకోండి:

- షఫుల్ ఆఫ్ చేయండి.
- ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ‘గ్యాప్‌లెస్’ ఆన్ చేసి, ‘క్రాస్‌ఫేడ్’ ఆఫ్ చేయండి. క్రాస్‌ఫేడ్ ఉంటే ఒక పాట చివర, ఇంకో పాట మొదలు కలిసిపోతాయి.
- సొంత ఫైల్స్ అయితే ఫ్లాక్ బెటర్. ఎంపీ3 ఎన్‌కోడింగ్‌లో ట్రాక్ మొదట్లో, చివర్లో చిన్న నిశ్శబ్దం చేరుతుంది. ప్లేయర్ దాన్ని తొలగించకపోతే పాటల మధ్య గ్యాప్ వినిపిస్తుంది.

కొత్త ఇయర్‌బడ్స్ కొనే ముందు ఇవి మార్చి చూడండి. పైసా ఖర్చు లేదు!