పొగగొట్టము పెట్టిన చాలదు



అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్నది. పుష్యమాసపు చలిలో మన కొండ గ్రామములవారికి పొయ్యి వంటకే గాక, రాత్రి కాచుకొనుటకును ఆధారము. 2016లో ఉజ్వల పథకము వచ్చిన పిమ్మట గ్యాసు అనేక గృహములను చేరినను కట్టెపొయ్యి ఆరలేదు. చేనిగట్టున దొరకు కట్టెకు వెల లేదు గదా!

పొగగొట్టము పెట్టుకొనుడని మేము చెప్పినపుడెల్ల పెద్దలు ఒక్కటే మాట అడుగుదురు: "పొగ పోతే అటక మీది మొక్కజొన్న విత్తనానికి పురుగు పట్టదా బాబూ?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పొగ పురుగును తరుముట నిజమే. కాని ఆ పొగనే తల్లులును, వారి ఒడిలోని బిడ్డలును పీల్చుచున్నారు. ఇండ్లలోని పొగ వలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. విత్తనమునకు వేరు ఉపాయము కలదు. బాగుగా ఎండబెట్టి, చల్లార్చి, జల్లించిన పొడి బూడిదతో కలిపి, మూతి బిగించిన కుండలో దాచవచ్చును. ఊపిరితిత్తులను అట్లు కుండలో దాచలేము.

పొగగొట్టపు పొయ్యి మనకు పరాయిది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్.పి. రాజుగారు మట్టితో చేయదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకము ప్రకటించిరి. అందు ఒకే మంట వేడి ఒకటికి మించిన కుండలకు తగులును. పొగ గొట్టము గుండ వెలికి పోవును.

అయితే గొట్టము పెట్టుటతో పని తీరదు. మా తప్పునే చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున మేము దగ్గరుండి పొయ్యి వేయించి, రేకు గొట్టమును గడ్డికప్పు గుండ నిలిపితిమి. దానిని తుడువవలెనని చెప్పుట మరచితిమి. పచ్చి సిల్వర్ ఓక్ కొమ్మలు కాల్చుటచే మసి జిగురువలె పేరుకొని, ఒక రాత్రి గొట్టములోనే అంటుకొన్నది. కప్పులో సగమును, రెండు బస్తాల చోళ్లును కాలిపోయెను. మనుష్యులు బయటపడిరి. ఆ యింటి ముసలమ్మ మమ్మొక్క మాటయు అనలేదు. అదియే మాకు ఎక్కువ బాధ.

కావున ఈ విషయములు మరువకుడు.

1. రేకు గొట్టమునకును గడ్డికిని, వాసములకును నడుమ మూరెడు ఎడము ఉండవలెను. గడ్డియిండ్లలో కప్పు గుండ గాక, చూరు తగులని వైపున మట్టిగోడ గుండ వెలికి తీయుట మేలు. గొట్టపు కొన ఇంటి కొప్పు కంటె రెండడుగులు ఎత్తున నుండవలెను.

2. కట్టెను చీల్చి, ఒక వేసవి ఎండనిచ్చిన తరువాతనే వాడుడు.

3. నెలకొకసారి, పొయ్యి చల్లారియున్నపుడు, త్రాటికి గోనెముక్కయు రాయియు కట్టి గొట్టములో పైకి క్రిందికి లాగి మసి దులుపుడు.

4. గొట్టములో హోరుమను చప్పుడు వినబడినచో లోపల మసి అంటుకొన్నదని తెలియుడు. అందరిని బయటికి పంపుడు. బూడిదతోను మట్టితోను మంట నణచి, పొయ్యి నోళ్లు మూసి, కప్పును తడుపుడు. కాలుచున్న గొట్టములో నీరు పోయరాదు.

5. నిప్పుల కుంపటిని మూసిన గదిలో పెట్టుకొని నిద్రింపరాదు. దాని నుండి వెలువడు కార్బన్ మొనాక్సైడ్ అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పియు తలతిరుగుటయు కలిగిన వెంటనే బయటి గాలికి చేర్చి, ఆస్పత్రికి కొనిపోవలెను.

ఆ ముసలమ్మ యింట మరల పొయ్యి వేయించితిమి. ఈసారి గొట్టము గోడ గుండ పోయినది. ప్రతి అమావాస్య మరునాడు ఆమె మనుమడు దానిని తుడుచుచున్నాడు. ఇందులకైన ఖర్చు ఒక త్రాడు, ఒక గోనెముక్క.