బస్కీలు తీయండి – బలంలో సగమే వెచ్చించండి

మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నీటితో బాన్సువాడ పరిసరాలు వరి పొలాలకు ప్రసిద్ధి పొందాయి. ఆ పొలాలలో దిగి పనిచేసేవారి కాళ్ళకు వేరే వ్యాయామం అక్కరలేదు. పట్టణంలో దుకాణపు గల్లాపెట్టె వద్ద, కార్యాలయంలో, ఇంట్లో దూరదర్శిని ఎదుట దినమంతా కూర్చొనే మధ్యతరగతి వారి సంగతి వేరు. వెనుకటివలె నేలపై కూర్చుండి భుజించడం, పీటపై కూర్చుండి కూరలు తరగడం తగ్గిపోయాయి. వాడుక తగ్గిన కొలది తొడల కండరాలు బలహీనపడతాయి. మెట్లెక్కేటప్పుడు ఆ భారం మోకాళ్ళకు తెలుస్తుంది.

ఈ లోపాన్ని తీర్చగల సులభ వ్యాయామం బస్కీలు. దీనికి పరికరాలతో గాని, ధనవ్యయంతో గాని పని లేదు. అయితే తాలింఖానాలలో మల్లయోధులు మడమలు లేపి, చేతులు ఊపుతూ వేగంగా తీసే బస్కీలను చూచి, అలవాటు లేనివారు మొదటి దినమే వందకు పూనుకోవడం ప్రమాదకరం. వారు ఏళ్ళ తరబడి సాధన చేసినవారు. మనం కుర్చీ సాయంతో ప్రారంభించాలి.

కుర్చీ బస్కీ చేసే విధానం

1. గట్టి కుర్చీని జారకుండా గోడకు ఆనించి ఉంచండి. దాని ముందు వీపు కుర్చీవైపు ఉండేలా నిలబడండి. పాదాల మధ్య భుజాల వెడల్పంత ఎడం ఉండాలి. కాలివేళ్ళు కొద్దిగా బయటికి తిరిగి ఉండాలి.

2. చేతులను ముందుకు చాచి, నడుమును వెనుకకు జరుపుతూ, శ్వాస పీల్చుకుంటూ మెల్లగా మూడు అంకెలు లెక్కించేంత సేపు క్రిందికి దిగండి. వీపు గూనివలె వంగరాదు.

3. మోకాళ్ళు కాలివేళ్ళ దిశలోనే సాగాలి. లోపలికి వాలి ఒకదానినొకటి సమీపించరాదు. మడమలు నేలను వదలరాదు.

4. కుర్చీని తాకీ తాకగానే పాదాలతో నేలను నొక్కుతూ, శ్వాస విడుస్తూ పైకి లేవండి. శ్వాసను బిగబట్టరాదు. బిగబడితే రక్తపోటు హఠాత్తుగా పెరుగుతుంది.

మొదటి వారం అయిదేసి చొప్పున రెండు విడతలు, దినం విడిచి దినం చేస్తే చాలు. పది అవలీలగా తీయగలిగిన పిదప ఎత్తు తక్కువగల స్టూలు వాడండి. ఆపై ఆధారం లేకుండా చేయవచ్చును. కుర్చీ నుండి కూడా లేవలేనివారు బల్ల అంచును పట్టుకొని ఆరంభించవచ్చును.

ఎంతవరకు చేయాలి?

ఈ ప్రశ్నకు మన పూర్వులు చక్కని సమాధానం చెప్పారు. తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని సుశ్రుత సంహిత, అష్టాంగ హృదయం బోధిస్తున్నాయి. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పట్టడం, నోరు ఎండడం సగం బలం వ్యయమైనదనడానికి గుర్తులు. అక్కడ ఆగాలి. హేమంత, శిశిర, వసంత ఋతువులలో ఈ కొలత సరిపోతుంది. తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని అష్టాంగ హృదయం సూచిస్తుంది. కనుక ఎండాకాలంలో ప్రాతఃకాలపు చల్లదనంలోనే ముగించాలి.

ఈ హద్దు ఎందుకో నేటి వైద్యశాస్త్రం కూడా చెబుతున్నది. అలవాటు లేని శరీరంతో ఒకేసారి వందలాది బస్కీలు తీస్తే తొడల కండరాలు ఛిద్రమై, వాటిలోని పదార్థాలు రక్తంలో కలసి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. రెండు మూడు దినాల స్వల్ప నొప్పులు సహజమే. కాని భరించలేని నొప్పి, వాపు, చిక్కని టీ డికాక్షన్ వంటి రంగులో మూత్రం కనిపిస్తే గృహచికిత్సలతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. శిక్షగా పిల్లలచేత లెక్కకు మించి గుంజీళ్ళు తీయించడం కూడా ఈ కారణం చేతనే తగదు.

ముఖ్య సూచనలు

భోజనమైన వెంటనే చేయరాదు. జ్వరం, అజీర్ణం ఉన్న దినాలలో మానాలి. గుండెజబ్బు, అదుపులేని రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు, మోకాలి శస్త్రచికిత్స అయినవారు వైద్యుని సలహాతోనే ప్రారంభించాలి. ఛాతీలో నొప్పి, తల తిరగడం, మోకాలిలో పోటు కలిగితే తక్షణమే ఆపాలి. వృద్ధులు తమకిది తగదని విడిచిపెట్టనక్కరలేదు. కాళ్ళకు బలముంటే తూలి పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. ప్రక్కన ఒకరిని ఉంచుకొని కుర్చీ బస్కీలు రెండు మూడైనా చేయవచ్చును.

వ్యాయామానంతరం కొంతసేపు విశ్రమించి, గోరువెచ్చని నువ్వులనూనెతో తొడలను, పిక్కలను మృదువుగా మర్దించుకొని వేన్నీళ్ళ స్నానం చేస్తే అలసట తీరి హాయి కలుగుతుంది. తగినంత మంచినీరు త్రాగడం మరువరాదు.

ఎన్ని తీశామన్న లెక్క కన్న, రేపు ఉదయం మరల తీయగలమా అన్నదే ముఖ్యం. నేడు మిగుల్చుకున్న సగం బలమే రేపటి సాధనకు పెట్టుబడి.