కరెంటు పనికి పర్మిట్ అడిగారా?

పప్పులో ఉప్పు ఎక్కువైతే నోట పెట్టుకోగానే తెలిసిపోతుంది. జాకెట్టు బిగుతుగా కుడితే తొడుక్కోగానే తెలుస్తుంది. కరెంటు పని అలా కాదు, సోదరీమణులారా! తప్పుగా చేసినా లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, గీజరులో నీళ్ళు కాగుతాయి. తప్పు గోడలోపల దాక్కుని ఉంటుంది.

మా ఎదురింటి వదినగారు గీజరు పెట్టించుకున్నారు. రంగులు వెయ్యడానికి వచ్చిన మేస్త్రీ "మా బావమరిది కరెంటు పని చేస్తాడమ్మా" అంటే సరేనన్నారు. ఆ అబ్బాయి గంటలో పని ముగించి, టెస్టరు వెలగడం చూపించి, డబ్బు తీసుకుని వెళ్ళాడు. ఏడాది తరవాత, కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని ఆవిడ మరో వైర్‌మన్‌ను పిలిపించారు. ప్లగ్గు బోర్డు విప్పితే ఆకుపచ్చ తీగ దేనికీ తగిలించకుండా చుట్టచుట్టి వెనకాల దోపి ఉంది! అదే ఎర్తు తీగ. ఏడాదిపాటు ఆ నీళ్ళతోనే పిల్లలకు తలంట్లు పోశారావిడ.

టెస్టరు వెలిగితే తీగలో కరెంటు ఉందని అర్థమేగాని ఎర్తు ఉందని కాదు. గీజరులో కాయిల్ పాడై తొట్టికి కరెంటు తగిలిందనుకోండి. ఎర్తు సరిగా ఉంటే ఆ కరెంటు భూమిలోకి దారి పట్టి ఫ్యూజును ఎగరగొడుతుంది. లేకపోతే తడిచెయ్యి కోసం కాచుక్కూర్చుంటుంది.

అందుకే ఈ పని ఎవరు చెయ్యాలో చట్టమే చెప్పింది. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులో ఇది 45వ రూలు. వాటి స్థానంలో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లోనూ, మళ్ళీ 2023లోనూ కొత్త నిబంధనలు తెచ్చినా ఈ మాట మాత్రం మారలేదు. కొత్త వైరింగు గాని, మార్పు గాని, రిపేరు గాని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేపట్టాలి. యోగ్యతా సర్టిఫికెట్టు ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. చేత్తో పని చేసేవాడికి పర్మిట్ ఉండాలి.

బల్బు మార్చాలన్నా కాంట్రాక్టరేనా అని నవ్వకండి. బల్బు, ఫ్యూజు, స్విచ్చి, ఫ్యాను పాడైతే అలాంటిదే మరొకటి వేసుకోవచ్చు. కాకపోతే వైరింగు మొయ్యగల బరువు గాని, దాని తీరు గాని మారకూడదు. 6 ఆంపియర్ల ప్లగ్గు తీసి 16 ఆంపియర్లది బిగిస్తే చూడ్డానికి ప్లగ్గు మార్చడమే! కాని 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. లైట్ల కోసం వేసిన సన్నతీగ గోడలో వేడెక్కిపోతుంది.

"మావాడు ఐ.టి.ఐ. చదివాడండీ" అంటారు కొందరు. మంచిదే. పదో తరగతి తరవాత రెండేళ్ళు కష్టపడి నేర్చే విద్య అది. అయినా ఆ సర్టిఫికెట్టు వేరు, పర్మిట్ వేరు. చదువయ్యాక పర్మిట్‌కు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

అడగడానికి మనకు మొహమాటం. "నామీద నమ్మకం లేదా అమ్మగారూ" అని చిన్నబుచ్చుకుంటాడేమోనని! బస్సులో టికెట్టు చూపమంటే కండక్టరు మీద కోపగించుకుంటామా? నిచ్చెన వెయ్యకముందే అడగండి, గడువు తేదీ కూడా చూడండి.

పని అయ్యాక టెస్టరుతో సరిపెట్టుకోవద్దు. మెయిన్ ఆపించి 500 వోల్టుల మెగ్గర్ పెట్టించండి. తీగకూ ఎర్తుకూ మధ్య నిరోధం ఒక మెగోమ్‌కు తగ్గకూడదు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే కొద్దిగా లీకైనా సప్లయి తెగిపోతుంది. అది ఉంది కదా అని ఎర్తు మానెయ్యకూడదు సుమండీ.

ఎదురింట్లో ఆ వైర్‌మన్ గీజరు కాయిల్ మార్చి, ఎర్తు కలిపి, మెగ్గర్ చూపించి, అంకె కాగితం మీద రాసిచ్చేసరికి మధ్యాహ్నమైంది. వదినగారు ఆయనకు కాఫీ ఇచ్చి, పేరూ పర్మిట్ నంబరూ క్యాలెండరు వెనకాల రాసుకున్నారు.